క్యాలెండర్ వెనుక ఒప్పందం

చిన్నముల్లు పది మీదికి వచ్చీ రాగానే రమ కొంగు నడుముకు చెక్కి, పెద్ద గిన్నె చంకన పెట్టుకుని, గరిటె చేతపట్టుకుని గడప దాటింది. ఇవాళ రాస్తా మీద వంటావార్పు, మా కాలనీ ఆడవాళ్ల వంతు. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలో ఉన్నారు, ఇవాళ్టికి పదిహేనో రోజు. నా భార్య పొయ్యిని రోడ్డు మీద పెట్టి లారీలను ఆపడానికి పోతుంటే నేను ఇంట్లో కూర్చుని పిల్లలకు కాపలా కాయాలి, అదీ నా గతి. పోతూ పోతూ చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ ఒక్క మాట అంది. "పదకొండింటికి ఆ హాస్టలు సారు ఒస్తడన్నవ్ గద. గంట సేపు నా జాగల కూసోని సూడు. అటెన్క నువ్వేమంటే గదే. నేను ఒక్క మాట ఎదురు చెప్ప." ఎదురు చెప్పనంది! పదమూడేళ్ల కాపురంలో కూరలో ఉప్పు గురించి తప్ప అన్నింటికీ ఎదురు చెప్పిన మనిషి. పోట్లాడి ఉంటే నేనూ పోట్లాడేవాణ్ణి, నా ధైర్యం నాకు ఉండేది. ఇప్పుడు పదకొండేళ్ల కొడుకును కృష్ణా నది అవతల ఆంధ్రాలోని హాస్టలుకు పంపాలా, ఇంట్లోనే ఉంచాలా అన్నది పూర్తిగా నా నెత్తిన పడింది, ఆ నెత్తి మీద ఒక గంట గడియారం కూడా పెట్టి పోయింది.

పిల్లలిద్దరూ చాప మీద కూర్చున్నారు. రుత్విక్ లెక్కల నోటు, ఎనిమిదేళ్ల హర్షిణి తెలుగు వాచకం. నేను కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చున్నాను, పంతులు అన్నాక కుర్చీ ఉండాలి కదా. హర్షిణి తల ఎత్తకుండానే, "బాపూ, కుర్చి మీద కూసోవద్దు. సాప మీదనే," అంది. ఎవలు చెప్పిన్రే అంటే పెన్సిలుతో గోడ చూపించింది. పోయినేడాది క్యాలెండరు కాగితం తిరగేసి మేకుకు కొట్టి ఉంది, దాని వెనుకవైపు తెల్లదనం నిండా రుత్విక్ గుండ్రటి అక్షరాలు. ఒప్పంద పత్రం. ఇంట్లో దాన్ని రోజూ చూస్తున్నాను, ఒక్కనాడూ చదవలేదు. నేను సంతకం చేయని కాగితానికి నేనెందుకు కట్టుబడాలి అనుకుంటూనే చాప మీదికి దిగాను, మోకాలు కలుక్కుమంది. ఆ పిల్లది నన్ను దించిన తీరు చూస్తే మా మేనేజరు కూడా దాని దగ్గర నాలుగు రోజులు నేర్చుకోవాలనిపించింది.

ఎంత నిశ్శబ్దం. బొగ్గుగనుల ఊరు ఈ ఖనిలో పుట్టి పెరిగిన నాకు ఈ పదిహేను రోజుల నిశ్శబ్దం ఇంకా ఒంటికి పట్టలేదు. సైరను లేదు, బొగ్గు బండ్ల చప్పుడు లేదు, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు లేదు. పొద్దున లేచి ఎటు పోవాలో కాళ్లకు తెలియదు. సమ్మె శిబిరంలో కాసేపు కూర్చుంటాను, నినాదాలు చేస్తాను, తర్వాత పేకముక్కలు, తర్వాత చాయ్, తర్వాత మళ్లీ పేకముక్కలు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అని బతికిన మొగవాళ్లమంతా సైరను ఆగేసరికి తాడు తెగిన పశువుల్లా అయిపోయాం, ఎప్పుడు తింటున్నామో ఎప్పుడు పడుకుంటున్నామో లేదు. పదిహేడేళ్ల సర్వీసులో నేను క్రమశిక్షణ గల మనిషినని ఎంత మురిసిపోయాను! ఆ క్రమశిక్షణ నాది కాదని, సైరనుదని ఇప్పుడు తెలిసింది. ఇదిగో, ఈ ముందుగదిలో మాత్రం తొమ్మిదింటికి ఎవరో ఒకరు స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడతారు, ఎవరో ఒకరు చాప పరుస్తారు. నేను మంచంలో దుప్పటి కప్పుకుని ఆ చప్పుడు వింటూ, రమకు చాదస్తం ముదిరింది అనుకుని అటు తిరిగి పడుకుంటాను.

చాదస్తం అన్నది నేనే, జూలైలో. రుత్విక్‌కు నత్తి. చిన్నప్పుడు ముద్దుగా ఉండేది, బడికి పోయాక నవ్వులాట అయింది. ఆరో తరగతిలో వేసిన ఇంగ్లిష్ మీడియంలో పాఠం అప్పజెప్పలేదని బెంచీ ఎక్కించారు, ఒకరోజు కాదు, రోజూ. వాడు ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పడమే కదా వాడికి కష్టం. సంచి భుజాన వేసుకుని టిఫిను తీసుకుని బయల్దేరేవాడు, సాయంత్రం వచ్చేవాడు, బడికి మాత్రం పోలేదు. తొమ్మిది రోజులు. పక్క క్వార్టరు అనసూర్యక్క బొగ్గు రైళ్లు ఆగే సైడింగు దగ్గర చూసి వచ్చి చెప్పింది, మీ పిలగాడు పట్టాల పక్కన కూసోని బొగ్గు డబ్బాలు లెక్కబెడ్తున్నడు అని. ఆ రోజు నేను రెండో షిఫ్టుకు తయారవుతున్నాను. తలదీపం బ్యాటరీ తగిలించుకునే తోలుపట్టా నడుముకు చుట్టుకోబోతూ చేతిలో ఉంది. ఉండకుండా ఉంటే బాగుండేది. ఎన్ని దెబ్బలో నాకు గుర్తు లేదు, వాడు కళ్లు మూసుకుని భుజాలు చెవుల దాకా ఎత్తి నిలబడ్డాడన్నది గుర్తుంది. రమ వచ్చి నా చేతిలోంచి పట్టా లాక్కోలేదు, వాడి మీద పడిపోయింది, ఆఖరి దెబ్బ ఆమె వీపున పడింది. నేను డ్యూటీకి పోయాను. డ్యూటీకి పోయాను, అంతే, ఏమీ జరగనట్టు లైటు తీసుకుని గనిలోకి దిగాను.

తెల్లారి ఆమె వాణ్ణి కూర్చోబెట్టి, డబ్బాలు లెక్కబెట్టినవట కద, ఎన్ని అని అడిగిందట. వాడు కాగితం మీద రాసి చూపించాడు, తొమ్మిది రోజుల లెక్క, రైలు రైలుకీ. ఒకదానికి యాభై ఎనిమిది, ఒకదానికి యాభై తొమ్మిది, ఒక రోజు ఏవీ రాలేదు. ఒక డబ్బాలో అరవై టన్నులైతే మొత్తం ఎన్ని టన్నులు చెప్పు అందట. సాయంత్రం దాకా గుణకారం చేశాడు. సిగ్గుపడాల్సిన తొమ్మిది రోజులను ఆమె లెక్కల పాఠం చేసేసింది, ఆ తెలివి నాకు ఏడు జన్మలెత్తినా రాదు. బెల్లంపల్లిలో డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పెళ్లి చేసి పంపించారామెను. ఆ సగంలో ఆగిన చదువు ఎక్కడ దాచుకుందో, పదమూడేళ్ల తర్వాత బయటికి తీసి, వీణ్ణి నేను ఇంట్లనే చదివిస్త, యాడికీ పంపను అని నిలబడింది. మా అమ్మ ఐలవ్వ కమాన్‌పూర్ నుంచి వచ్చి, బడికి పోని పిలగాడు బర్లు కాసుకోవాల్సిందే అని శోకం పెట్టింది. నేను నవ్వాను. నెల రోజులు నడిస్తే గొప్ప అన్నాను.

నెల నడిచింది, రెండు నెలలు నడిచింది. నడవడం అంటే తేలిగ్గా కాదు. మొదట్లో రమ ఒక అట్టముక్క మీద ఇరవై ఒక్క నియమాలు రాసి తగిలించింది. మాట్లాడరాదు, లేవరాదు, కిటికీ చూడరాదు, రాదు రాదు రాదు. మూడో రోజుకే వాటిలో పదకొండు తానే తప్పింది. కూర మాడితే లేచింది, అనసూర్యక్క వస్తే మాట్లాడింది. వేళలకు గడియారం ఎందుకు, ఊరంతా వినే సైరను ఉందిగా అని బడిని గనికి ముడివేసింది. పొద్దున జనరల్ షిఫ్టు సైరను బడి గంట, మధ్యాహ్నం బ్లాస్టింగుకు గిన్నెలు గల్లుమంటే అన్నం, మూడింటి రెండో షిఫ్టు సైరను ఇంటిగంట. ఖనివాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. ఖనివాళ్లే చేయగల పొరపాటు కూడా అదే. సెప్టెంబరు పదమూడున మేం సమ్మెలోకి దిగాం, సైరను ఆగింది. తొమ్మిది దాటింది, పది దాటింది, పిల్లలు వాకిట్లో గిల్లిదండ. హర్షిణి బడి కూడా మూతపడి అది కూడా ఇంట్లోనే ఉంది. రమ పిలిస్తే ఇద్దరూ ఒకే మాట, సైరను రాలే, బడి లేదు. మరునాడు పిలిస్తే ఇంకా ఘోరం. వరండాలో రెండు కుర్చీల మీద రమ చీర కప్పి శిబిరం వేశారు. లోపల ఇద్దరూ మఠం వేసుకుని కూర్చున్నారు. హర్షిణి పిడికిలెత్తి నినాదాలు, రుత్విక్ ముందు కాగితం మీద ఏడు డిమాండ్లు. వాడికి నోరు కష్టం గాని చెయ్యి కష్టం కాదు. రెండో డిమాండు, బడి జరిగేటప్పుడు కూర కోయరాదు. ఐదోది హర్షిణి రాయించింది, లెక్కలు చేస్తుంటే వెనుక నుంచి జడలు వేయరాదు.

నేను పడీపడీ నవ్వి, రెండు తగిలిస్తే సమ్మె దిగుతరు అన్నాను. రమ నా వైపు తిరిగిన తిరుగుడు ఇప్పటికీ మరిచిపోలేదు. "నువ్వు కూసుంటే హక్కు, వాళ్లు కూసుంటే దెబ్బలా?" అంది. ఆమె చేటలో ఇన్ని పల్లీలు, బెల్లం ముక్క పోసుకుని వెళ్లి ఆ శిబిరం ఎదురుగా కింద కూర్చుంది, యాజమాన్యం తరఫున. చర్చలు రెండు గంటలు. నేను చొక్కా వేసుకుని నా శిబిరానికి పోయాను, పిల్లలాట అనుకున్నాను, సాక్షి సంతకం పెట్టి పొమ్మంటే, పనిలేదా అన్నాను. తిరిగొచ్చేసరికి ఇరవై ఒక్క నియమాల అట్ట పొయ్యిలో ఉంది, గోడ మీద ఈ క్యాలెండరు ఉంది. కింద యాజమాన్యం, రమ. కార్మికుల పక్షం, రుత్విక్. ఆ పక్కన హర్షిణి కాటుక వేలిముద్ర. సంతకం వచ్చు దానికి, అయినా నాయనమ్మ పింఛను కాగితాల మీద వేసినట్టు వేలిముద్రే వేస్తానని పట్టుబట్టిందట.

ఇప్పుడు చాప మీద కూర్చుని, చేసే పనేమీ లేక, దాన్ని మొదటిసారి చదివాను. అన్నీ కలిపి ఐదు షరతులే. ఎవరు ఆలస్యమైతే వాళ్లు అంతసేపు ఎక్కువ కూర్చోవాలి, అమ్మతో సహా. రుత్విక్ మాట్లాడుతుంటే మధ్యలో వాడి మాట ఎవరూ పూర్తి చేయరాదు, పొద్దుగూకినా సరే. చెయ్యి ఎత్తరాదు, అరవరాదు, ఎవరు తప్పినా అవతలి పక్షం చార్జిషీటు ఇవ్వవచ్చు, అన్నం తినేలోపు రాతమూలకంగా సంజాయిషీ ఇవ్వాలి. జవాబు తెలియని ప్రశ్నలు చీటీ రాసి హార్లిక్స్ సీసాలో వేయాలి, తెలియదని దాచినవాళ్లకు ఆ పూట ఆట లేదు. ఆఖరున, ఇవి చాప మీద కూర్చున్న వాళ్లందరికీ వర్తిస్తాయి. నేను చాప అంచు మీది నుంచి కొంచెం నేల మీదికి జరిగాను. హర్షిణి చూసింది, మళ్లీ వాచకంలోకి తల దించింది.

సీసా నిండా చీటీలే. ఒకటి తీసి చూశాను, రమ రాత. సున్నాతో భాగిస్తే ఏమొస్తది, నాకు తెలవదు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! నేను చదువుకున్న రోజుల్లో పంతులుకు తెలియని ప్రశ్న అడిగితే వేళ్ల మీద స్కేలు దెబ్బ. మా నాయన ఎల్లేశం సంగతి చెప్పనక్కరలేదు. తట్టా, చెమ్మసు అనే పారా పట్టి గనిలో బొగ్గు నింపి నింపి వచ్చేవాడు, గడపలో అడుగుపెట్టేలోపు మేం అన్నదమ్ములం పుస్తకం పట్టుకుని ఉండాలి, పుస్తకం తలకిందులుగా ఉన్నా ఫరవాలేదు, పట్టుకుని ఉండాలి. అదే శిక్షణ అనుకున్నాను ఇన్నాళ్లూ. భయం ఉంటేనే పిల్లలు బాగుపడతారని ఎందరికి చెప్పి ఉంటానో. ఇక్కడ చూస్తే ఎవరికీ భయం లేదు, అయినా పావుగంట నుంచి ఇద్దరూ తల దించి రాసుకుంటున్నారు. పదిన్నర కాగానే రుత్విక్ తనంతట తాను లేచి పళ్లెం మీద ఒక దెబ్బ కొట్టాడు, లెక్కల పుస్తకం మూశాడు, హర్షిణి కుండలో నీళ్లు తెచ్చి అన్నకిచ్చి, నాకిచ్చి, తాను తాగింది. ఇంట్లో అమ్మ లేదు, బెత్తం లేదు, నేనున్నానే గాని ఉన్నా లేనట్టే. రమ లేకపోయినా రమ బడి నడుస్తోంది. మా గనిలో ఓవర్‌మ్యాన్ అటు తిరిగితే ఇటు కూలబడే మనుషులను చూసిన కళ్లతో దీన్ని చూస్తూ, నా పెళ్లాం మామూలు మనిషి కాదురా నాయనా గర్వంగా అనుకున్నాను.

గర్వం వెంటనే భయం. పదకొండింటికి ఆ సారు వస్తాడు. అక్కడ సమ్మెలు లేవండీ, మీ వాడి ఏడాది పోదు అని చెప్పింది ఆయనే. తెలంగాణ కోసం సమ్మె చేస్తూ కొడుకును అటు పంపుతావా అని శిబిరంలో రాయమల్లు అన్న నా మొహం మీదే అడిగాడు. ఏడాది పోతుందనే అన్నాను అందరితో. అది నిజమేనా? ఇప్పుడు హర్షిణి, తర్వాత చెప్పుడు పీరియడు బాపూ, నేర్చుకున్నది నోటితోని చెప్పాలె అంటోంది, రుత్విక్ నా ఎదుట నిలబడ్డాడు, గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పబోతున్నాడు, నాకేమో గోదావరి ఎక్కడ పుడితే ఏమిటి, ఆ సారు ముందు వీడు పేరు సరిగ్గా చెబితే చాలు. "గదంత తర్వాత. ముందుగాల నీ పేరు చెప్పు. సారు అడుగుతడు. జల్ది చెప్పు," అన్నాను. వాడికి అన్నింటికంటే కష్టం తన పేరే. "రు... రు..." అన్నాడు, పెదవులు ముడుచుకుపోయాయి, మెడ నరాలు బిగిశాయి. "రుత్విక్," అన్నాను నేనే. హర్షిణి వేలెత్తింది, "బాపూ, రెండో షరతు." నువ్వు ఊకో అన్నాను. మళ్లీ చెప్పరా. "రు... రు... రు..." గడియారంలో పెద్దముల్లు కదులుతోంది. ఇంకోసారి. "రు..." ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, చెప్పవేందిరా నోరు తెరిచి, అని లేచాను, చెయ్యి లేచింది.

చెయ్యి వాడి మీద పడలేదు. పడకుండా ఆపింది నా మంచితనం కాదు. వాడు కళ్లు మూసుకున్నాడు, భుజాలు చెవుల దాకా ఎత్తాడు, అచ్చం జూలైలో లాగే, ఆ భుజాలు చూసి నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఎత్తిన చేతిని ఎట్లా దించాలో తెలియక తల గోక్కున్నాను. గనిలో నేను మైనింగ్ సర్దార్ని. పనివాళ్ల కంటే ముందు పోయి కర్రతో పైకప్పు తట్టి చూడడం నా డ్యూటీ. రాయి గట్టిదైతే ఒక తీరు మోగుతుంది, డొల్లదైతే ఒక తీరు. తట్టి, చెవి ఒగ్గి, ఆ రాయి తన సంగతి తాను చెప్పేదాకా నిలబడతాను, ఎంతసేపైనా, ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా. ఉపేందర్ తట్టిండంటే ఫికర్ లేదు అంటారు అందరూ. రాయి కోసం అంత ఓపిక పట్టే మనిషిని, కన్నకొడుకు కోసం అరనిమిషం పట్టలేకపోయాను. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

ఎవరూ ఏడవలేదు. రుత్విక్ కళ్లు తెరిచి, చెయ్యి దిగిందని నిర్ధారణ చేసుకుని, అల్మారా దగ్గరకు పోయి ఒక పొడుగు నోటుబుక్కు తీశాడు. కూర్చుని రాశాడు, నిదానంగా, స్కేలు పెట్టి గీత కొట్టి మరీ. తెచ్చి నా ముందు పెట్టాడు. శ్రీ ఉపేందర్ గారికి. ఈ రోజు ఉదయం 10.40 గంటలకు మీరు విధి నిర్వహణలో చెయ్యి ఎత్తినారు. అంతకు ముందు ఒక మాట పూర్తి చేసినారు. ఇవి మూడో, రెండో షరతులకు విరుద్ధం. అన్నం తినేలోపు సంజాయిషీ ఇవ్వగలరు. ఈ భాష వాడికెక్కడిదో నాకు తెలుసు. నేను నాగాలు పెట్టినప్పుడు కంపెనీ ఇచ్చిన చార్జిషీట్లు రెండు బీరువాలో ఉన్నాయి, వాటిలోంచే నేర్చుకున్నాడు, నా నుంచి కొడుక్కి సంక్రమించిన విద్య అదొక్కటే.

ఎట్లా రాయాలో చూద్దామని వెనుక పేజీలు తిప్పాను. రుత్విక్ మీద రెండు, హర్షిణి మీద నాలుగు, రమ మీద మూడు. రమ మీద మూడు! పిల్లలు ఇచ్చిన చార్జిషీటుకు తల్లి కింద కూర్చుని జవాబు రాసింది. ఒకదానికి, పాలు పొంగినయని పావుగంట ఆలస్యమైంది, తప్పు నాదే, సాయంత్రం పావుగంట ఎక్కువ కూర్చుంటాను అని ఉంది. ఇంకోటి ఇరవై రెండో తారీఖుది. "హర్షిణి మీద అరిచాను. ఎక్కాలు రాలేదని కాదు. రుత్విక్‌ను హాస్టలుకు పంపుతానని ఆయన అన్నాడు. ఆయన మీద కోపం వచ్చింది. ఆయనతో చెప్పలేక పాప మీద అరిచాను. తప్పు నాది." కింద వంకర అక్షరాలతో, అంగీకరించడమైనది, హర్షిణి. అన్నింటికీ ఎదురు చెప్పే రమ, నాతో చెప్పలేకపోయింది అట. నాతో చెప్పలేని ఇంట్లో పిల్లలతో మాత్రం నిజం చెప్పగలిగే చోటు ఒకటి కట్టుకుంది, ఆ చోటుకు కాపలాగా తనను తాను కూడా కట్టేసుకుంది. ఇంత పెద్ద మనసును నేను ఇన్నాళ్లూ చాదస్తం అన్నాను.

కలం తీసుకున్నాను. సారు వస్తున్న తొందరలో పొరపాటున చెయ్యి లేచింది, ఇకముందు జరగదు అని రాసి ఇచ్చాను. కంపెనీకి ఎన్నోసార్లు రాసిన వాక్యం, ఎప్పుడూ పాసయ్యేది. ఇద్దరూ బీరువా చాటుకు పోయి గుసగుసలాడుకున్నారు. నోటుబుక్కు తిరిగొచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు. తిరిగి రాయగలరు.

అప్పుడే బయట స్కూటరు ఆగింది. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల, చంకలో రంగురంగుల కాగితాల సంచి. హాస్టలు సారు చెప్పిన వేళకే వచ్చాడు, కుర్రాడు రెడీనా అండీ అంటూ గేటు దాకా వచ్చాడు, నా వెనుకే వచ్చిన రుత్విక్ గడ్డం పట్టుకుని, "ఏం బాబూ, నీ పేరేంటి?" అన్నాడు. "రు..." అన్నాడు వాడు. "రుషీయా? రుద్రానా? సరేలే, అక్కడికొచ్చాక అన్నీ సర్దుకుంటాయి. మా దగ్గర డిసిప్లిన్ అలాంటిదండీ, రెండొందల మంది పిల్లలున్నా ఒక్కడు కిక్కురుమనడు." నవ్వుతూనే చెప్పాడు, పాపం ఆయన చెడ్డవాడు కాదు, తన సరుకును తాను పొగుడుకున్నాడు. నాకు మాత్రం ఆ రెండొందల మంది కనిపించారు, వరసగా, నోళ్లు మూసుకుని, వాళ్ల మధ్య చెవుల దాకా భుజాలు ఎత్తిన వీడు. "ఆగున్రి సార్," అన్నాను. "పిలగాడు చెప్తున్నడు." ఆయన ఆగాడు. నేనూ ఆగాను. రోడ్డు మీద ఒక కుక్క పోయింది, అనసూర్యక్క బట్టలు ఆరేయడం ఆపి చూసింది, ఆయన వాచీ చూసుకున్నాడు. నేను వాచీ చూడలేదు, వాడి మొహం చూశాను. ఎంతసేపు పట్టిందో అంతసేపు పట్టింది. "రు... రుత్విక్," అన్నాడు.

"ఇయ్యాల గాదు సార్," అన్నాను.

"మరి రేపు రమ్మంటారా?"

"రేపు గాదు, ఎల్లుండి గాదు. పిలగాడు ఇంట్లనే సదువుకుంటడు. ఏమనుకోకున్రి, లోపట నా మీద ఎంక్వైరీ నడుస్తంది, నేను పోవాలె."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. స్కూటరు స్టార్టు చేస్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. నేను లోపలికి వచ్చి చాప మధ్యన కూర్చున్నాను, అంచు మీద కాదు. ఈసారి కలం ఆగలేదు. "నా కొడుకు మాట పూర్తయ్యేదాకా ఆగలేక చెయ్యి ఎత్తాను. ఏడాది పోతుందని అందరితో అన్నాను, అది అబద్ధం. నలుగురిలో వాడి నత్తి వినబడితే నాకు నామోషీ. వినబడనంత దూరం పంపుదామనుకున్నాను. జూలైలో కొట్టినందుకు కూడా ఇదే సంజాయిషీ. తప్పు నాది. వాడు ఎక్కడికీ పోడు." పేరు రాసి, అలవాటు కొద్దీ కింద మైనింగ్ సర్దార్ అని హోదా కూడా రాశాను. రుత్విక్ చదివాడు, చెల్లెలికి చదవమని ఇచ్చాడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంగీకరించడమైనది అని వాడు రాస్తుంటే నా కళ్లు మసకబారాయి. హర్షిణి మాత్రం హోదా మీద వేలు పెట్టింది. "గిది తప్పు. ఈడ నువ్వు సర్దార్ గాదు."

మరి నేనేంది, అన్నాను. రుత్విక్ నా సంతకం వైపు చూసి, నోరు తెరిచాడు. "బ... బ..." అన్నాడు. నాకు తెలుసు ఆ మాట, బాపు, ఇంకేముంటుంది, నాలుక చివరి దాకా వచ్చింది, పళ్లతో పట్టుకుని ఆపాను. "బ... బ..." రానీ బిడ్డా, నాకేం తొందర లేదు, ఇవాళ షిఫ్టు లేదు, రేపూ లేదు. "బ... బదిలీ," అన్నాడు.

బదిలీ వర్కర్! పర్మనెంటు మనిషి రాని నాడు అతని జాగాలో దిగేవాడు, పేరుకు మాత్రమే పనివాడు, ఏడాదికి నూట తొంభై మస్టర్లు, అంటే హాజర్లు, నిండితే గాని పర్మనెంటు చేయరు. పదిహేడేళ్ల కింద మా నాయన ఉద్యోగంలో నేను చేరింది ఆ మెట్టు మీదే. వాడి తీర్పులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మైనింగ్ సర్దార్ కొట్టేసి బదిలీ అని రాశాను. హర్షిణి కొత్త పేజీ తెరిచి, నా పేరు రాసి, పక్కన ఒక్క గీత గీసింది.

"ఒక్క మస్టరు పడ్డది. రేపు తొమ్మిదింటికి రావాలె బాపూ, నాగా పెట్టద్దు," అంది. వస్త బిడ్డా, అన్నాను.